పేగు పరీక్షకు తోడు

మధ్యాహ్నం పొయ్యి ఆర్పి చేతులు కడుక్కుంటున్న ప్రానీకి దుకాణం ముందు కప్పలా మూతి ముందుకొచ్చిన ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. దగ్గుతున్నట్టుండే ఆ ఇంజను ఎవరిదో చూడకుండానే పోల్చుకుంది. మొగుడు విచియన్‌తో విడిపోయి ఏడేళ్లయింది. ఇద్దరూ త్రాంగ్ ఊళ్లోనే ఉంటారు కాబట్టి బజారులో ఎదురుపడితే తల ఊపుకుంటారు, అంతకుమించి మాటల్లేవు.

అతను లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, అమ్ముడుపోని కేకుల వంక చూస్తూ, గురువారం తనతో ఆసుపత్రికి రాగలవా అని అడిగాడు. ఎందుకో చెప్పడానికి ఇంకాసేపు పట్టింది.

అతని అన్న ప్రసోప్‌కి పెద్దపేగులో క్యాన్సర్ బయటపడింది. రెండేళ్లుగా రక్తం పడుతుంటే మొలలే కదా అని పసరు మందులు మింగుతూ కాలం గడిపాడు. చివరికి పేగు కోసి, మలం పోవడానికి పొట్టకి సంచి తగిలించారు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. తోబుట్టువులందరికీ చెప్పమని డాక్టరు అతనికి గట్టిగా చెప్పి పంపింది. మామూలు వాళ్లలా యాభై దాకా ఆగకూడదట. నలభై ఏళ్లకి, లేదా అన్నకి జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడే గొట్టం వేయించుకుని చూపించుకోవాలట. విచియన్‌కి నలభై ఆరు. అంటే ఇప్పటికే ఆలస్యం. పైగా మత్తు ఇస్తారు కాబట్టి, తిరిగి ఇంటికి తీసుకెళ్లే మనిషి వెంట ఉంటే తప్ప పరీక్ష చెయ్యరు.

"ఆటో స్టాండులో అంతమంది ఉన్నారుగా," అంది ప్రానీ.

"వాళ్లకి గొట్టం ఎక్కడ పెడతారో చెప్పాలి. ఒకసారి చెప్పానంటే ఎగతాళి చెయ్యడం ఈ జన్మకి వదలరు."

"నాకైతే చెప్పొచ్చా?"

"నీ దగ్గర దాచుకోడానికి నాకేం మిగిలింది గనక?"

ఆ మాటకి ఆమె మనసు చివుక్కుమంది. దాచుకోవడమే కదా వాళ్లని విడదీసింది. విచియన్ కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. మనసుకి ఏ కష్టం తగిలినా వారాల తరబడి మూగనోము పట్టేవాడు, అంతే. ఆ నిశ్శబ్దంతో కాపురం చెయ్యలేక ఆమె బయటికొచ్చేసింది.

అయినా వస్తానంది. ముందురోజు సాయంత్రం తాగాల్సిన విరేచనాల మందు గురించి అడిగితే అసలు చిక్కు బయటపడింది. అతని అద్దె గదికి సొంత మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కటీ నాలుగు కుటుంబాలకి కావాలి.

"ఇక్కడికొచ్చి తాగు," అంది ప్రానీ. అనేశాక, ఎందుకన్నానా అనుకుంది.

బుధవారం అతను పల్చటి గంజితోనే గడిపి, పొద్దు వాలకముందే వచ్చాడు. కూజాడు మందు కలిపి ముందు పెట్టింది. మొదటి గ్లాసుకే మొహం చిట్లించి, సముద్రంలో నిమ్మకాయ పిండినట్టుందన్నాడు. పేగు శుభ్రంగా లేకపోతే లోపల ఏమీ కనపడదని, మళ్లీ మొదటికొస్తుందని ఆమె బెదిరించి తాగించింది. మూడో గ్లాసు పూర్తికాకుండానే అతను లేచి మరుగుదొడ్డికి పరుగు తీశాడు. ఆ తర్వాత ఆ తలుపు దాటి ఎక్కువసేపు బయట ఉండే వీలే లేకపోయింది. కళ్లు తిరిగి పడిపోతాడేమోనని ప్రానీ తలుపుకి ఇవతల పీట వేసుకుని కూర్చుంది.

"ప్రానీ, ఉన్నావా?"

"ఉన్నా. చెప్పు."

"మొన్న అన్న సంచి మార్చుకుంటుంటే నేను గదిలోంచి బయటికొచ్చేశా. చూళ్లేక అనుకున్నాడు అన్న. అది కాదు. రేపు నా గతీ ఇంతేనేమో అనిపించింది. అక్కడ అన్న నొప్పితో అల్లాడుతుంటే, నేను నా గురించి భయపడ్డా."

ఇన్నేళ్లలో అతను ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు.

"భయపడ్డావు కాబట్టే రేపు వెళ్తున్నావు," అంది. "ప్రసోప్‌కి ముందుగా చెప్పే మనిషి లేకపోయాడు. నీకు ప్రసోప్ ఉన్నాడు."

లోపల నీళ్ల చప్పుడు, దాని వెనక వెక్కిళ్లు. ఏడుస్తున్నాడని అర్థమైంది. ఇంకో గ్లాసు కలపడానికి లేచింది.

మర్నాడు విచియన్‌కి మత్తు పూర్తిగా వదలకముందే డాక్టరమ్మ ప్రానీని లోపలికి పిలిచింది. పేగులో రెండు బుడిపెలు దొరికాయట, ఒకటి బఠాణీ గింజంత, ఇంకోటి బొటనవేలి కొసంత. గొట్టంలోంచే రెండూ కోసి తీసేశారు.

"అతనికి నొప్పిగానీ రక్తంగానీ ఏమీ లేదండీ," అంది ప్రానీ, నమ్మలేక.

"ఉండవమ్మా. అందుకే ఏమీ లేనప్పుడే చూపించుకోమనేది. ఇలాంటి బుడిపె క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా తీసేస్తే అక్కడితో సరి. వాళ్ల అన్నయ్యకీ ఒకప్పుడు ఇంతే ఉండుంటుంది."

ఆ తర్వాత ఆవిడ ప్రానీ వయసడిగింది. యాభై ఒకటి. మల పరీక్ష చేయించుకున్నారా అంటే ప్రానీ తల దించుకుంది. వీధిలో తిరిగే ఆరోగ్య కార్యకర్త నిరుడు మలం పట్టివ్వడానికి చిన్న సీసా ఇచ్చి వెళ్లింది. ఆ కార్యకర్త రోజూ తన దగ్గర కేకు కొనే మనిషి. కేకు కోసిచ్చే చేత్తో అదెలా ఇవ్వడమని సిగ్గుపడి పారేసింది. డాక్టరమ్మ నవ్వలేదు. పుట్టింట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు కాబట్టి రెండేళ్లకోసారి ఆ పరీక్ష చాలని, కంటికి కనపడని రక్తం జాడ తేలితేనే లోపల చూడాల్సి వస్తుందని, రక్తం కంటపడినా మలం తీరు మారినా మాత్రం వయసు లెక్క చూడకుండా రమ్మని చెప్పి, కొత్త సీసా చేతిలో పెట్టింది. ప్రానీ సోమవారం దాన్ని తీసుకెళ్లి ఆసుపత్రిలోనే ఇచ్చేసింది. ఏమీ లేదని వచ్చింది.

బుడిపెల్లోనూ క్యాన్సర్ లేదని ఇంకొన్నాళ్లకి తెలిసింది. మూడేళ్ల తర్వాత మళ్లీ చూపించుకోమన్నారు. ఆ కబురు చెప్పడానికి విచియన్ ప్రసోప్ ఇంటికి బయల్దేరుతూ ప్రానీని కూడా ఆటో ఎక్కించుకున్నాడు.

మందులకి జుట్టు పల్చబడిన ప్రసోప్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. అంతా విని, ఇంకోసారి చెప్పమన్నాడు. రెండోసారి వింటూ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"చెల్లెలికి చెప్పావా?" అన్నాడు. హాట్‌యాయ్‌లో ఉన్న చెల్లెలికి నలభై ఒకటి.

విచియన్ అక్కడే ఫోన్ కలిపాడు. గొట్టం సంగతి, మందు రుచి, పరుగులు, భయం, ఒక్కటీ దాచకుండా చెప్పుకుపోయాడు. అవతల ఆమె తనకేమీ లేదని, సెలవు దొరకదని సాకులు చెబుతున్నట్టుంది. ప్రానీ గోడకి ఆనుకుని అతని మాటలే వింటోంది.

ప్రసోప్ చెయ్యి చాచాడు.

"ఇటివ్వరా," అన్నాడు. "నేను మాట్లాడతా."