అంచులు నల్లబడ్డ నాలుగో భాగం

నేను ఒక కథకు నాలుగో ముక్కని. ‘ఏడు కోటల ఖడ్గం’ అనే తొమ్మిది భాగాల సాహస నవలలో నాది ఆ వంతు. చవక కాగితం మీద అచ్చయి, పార్వతీపురం బస్టాండు దగ్గర సూరపునాయుడి అద్దె పుస్తకాల షాపుకు చేరాను.

నాయుడు పుస్తకాలు చదవడు, అంచు చూస్తాడు. మురికి ఏ పేజీ దగ్గర ఆగితే పాఠకుడికి అక్కడ విసుగొచ్చిందని ఆయన లెక్క. నా అంచు మొదటి నుంచి చివరిదాకా నల్లగా ఉంటుంది. ఆయన దృష్టిలో అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.

నా సరుకు సంగతి నాకు తెలుసు. పొట్టి వాక్యాలు, ప్రతి అధ్యాయం చివరా ఒక ప్రమాదం. పట్టుకున్నవాళ్ల ముందు అన్నం చల్లారిపోతుంది. లోపమూ చిన్నది కాదు. ఈ భాగంలో వీరుడు కొండకు వెళ్తాడు. అక్కడివాళ్లంతా మనుషుల్ని వండుకు తినేవాళ్లే. దీని మీద పత్రికల్లో పెద్ద గొడవ నడిచింది. తిట్టినవాళ్లూ వెనకేసుకొచ్చినవాళ్లూ నన్ను చదివేశారు. అంచు ఇంకాస్త నల్లబడింది.

బిడ్డిక సుమిత్ర తన కొండ ఊళ్లోనే పెద్దవాళ్లకు చదువు చెప్పే టీచరు. వాచకం చూసి ఆవలించే ఆడవాళ్లు మా మొదటి మూడు భాగాలూ కూడబలుక్కుని చదివి, నాలుగోది కావాలని పట్టుబట్టారు. ఆమె షాపులో నిలబడే నన్ను తిరగేసి, బల్ల మీద పెట్టేసింది.

“ఇది మావాళ్ల చేతికెలా ఇవ్వను నాయుడుగారూ? మేం మనుషుల్ని తింటామంట!”

“అంచు సూడండి మేడమ్. ఒక్కలూ మజ్జిలో ఒగ్గలేదు.”

“మీరు చదివేరా?”

“నాకెందుకండీ సదవడం?”

ఇస్తే అవమానం. ఇవ్వకపోతే ఇప్పుడిప్పుడే కుదురుతున్న చదువు ఆగిపోతుంది. చివరికి నన్ను సంచిలో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బడి వరండాలో మండంగి సుక్కమ్మ వంతు వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. కొండవాళ్లు జోరువానలో పచ్చి కట్టెలు పేర్చి, వీరుణ్ణి ఉడకబెట్టడానికి కాగు ఎక్కించారని ఉన్నచోట ఆగిపోయింది.

“వానలో పచ్చి కట్టెలా? ఓలమ్మ, ఈ రాసినోడికి పొయ్యి ముట్టించడం కూడా రాదే!”

వరండా అంతా నవ్వు. ఆ నవ్వు తగ్గాక సుక్కమ్మ మళ్లీ పేజీ వంక చూసింది.

“ఏటి పిల్లా, టౌనోలందరూ మన గురించి ఇదే సదివినారా?”

“చదివారు పెద్దమ్మా.”

“అలాగైతే పెన్సిలియ్యి.”

అంతవరకూ తన పేరు తప్ప ఇంకేమీ రాయని మనిషి. ముప్పై ఏడో పేజీలో ఆ వాక్యం పక్కన, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి, ‘ఇది అబద్ధం’ అని రాసింది. ఇన్ని చేతులు మారాను. మురికి అందరూ అంటించారు, జవాబు చెప్పింది ఈమె ఒక్కతే.

తర్వాత చివరి పేజీదాకా చదివి, ఐదో భాగం ఎప్పుడు తెస్తావని సుమిత్రను అడిగింది. పెన్సిలు మాత్రం తిరిగి ఇవ్వలేదు, సిగలో దోపుకుంది.