దానమ్మకు అందే శ్రుతి

నేను ఒక హార్మోనియం పెట్టెను. నా ఒళ్ళు టేకు చెక్క, గొంతు ఇత్తడి. ఊపిరి మాత్రం నాది కాదు. ఎవరో ఒకరు తిత్తి ఊదితేనే పలుకుతాను. ఆ సంగతి నాకు పుట్టినప్పుడే తెలిసింది. మనుషులకు తమ సంగతి తెలియడానికి కాస్త ఆలస్యమవుతుంది.

నా మొదటి కాపురం నాటకాల వాళ్ళతో. అక్కడ రాగం ఎంత పైకి తీస్తే అన్ని చప్పట్లు. జనం 'వన్స్ మోర్' అంటే యుద్ధంలో చచ్చిపడిన రాజుగారు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవారు.

నాటకాలు సన్నగిల్లాక రేపల్లె దగ్గర ఒక పల్లెలో, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు నన్ను కొన్నారు. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కోసం దాచడం వాళ్ళ అలవాటు. ఆ పిడికిళ్ళు పోగుచేసి, అమ్మి, నన్ను తెచ్చుకున్నారు. నా కోసం ఎవరో ఒక ముద్ద తక్కువ తిన్నారని తెలిశాక నాటకాల నాటి బడాయి నాలో కొంత తగ్గింది.

నన్ను వాయించే బాధ్యత జాకెట్లు కుట్టే ఎస్తేరురాణిది. ఆమె పాట ఎత్తుకుంటే గొంతు చర్చి పెంకులు దాటి పోయేది. సంఘం మొదటి చరణం దాకా వెంట వచ్చి, ఇక అందక, నోరు మూసుకుని వినేది. అది లోటని ఎవరూ అనుకోలేదు. అంత పాటగత్తె తమ చర్చిలో ఉందని పక్క ఊళ్ళలో చెప్పుకునేవారు.

ఒక వానాకాలం దానమ్మ భర్త ఏసోబు పొలంలో పాము కరిచి పోయాడు. ఆనాటి నుంచి ఆ పిల్ల నోట మాట లేదు. ఒళ్ళో చంటిది ఏడ్చినా ఊరుకోబెట్టేది కాదు. సంఘంలో ఎవరికి చేతనైంది వాళ్ళు చేశారు. స్త్రీల సమాజంలోని రాహేలు రోజూ వచ్చి వంట చేసి పోయేది. పాస్టరుగారు ప్రార్థన చేసి పోయేవారు. చావింటి వాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక నాడు నన్నూ వాళ్ళింటికి మోసుకెళ్ళారు. ఎస్తేరురాణి ప్రాణం పెట్టి పాడింది. వచ్చిన వాళ్ళంతా కళ్ళు తుడుచుకుని, ఇంతకంటే ఆదరణ ఏముంటుందని చెప్పుకుంటూ వెళ్ళారు. దానమ్మ గోడకు ఆనుకుని అలాగే ఉంది.

దానమ్మ అత్త సంతోషమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది.

"బాగా పాడావమ్మా. మావోడుంటే పొంగిపోయేవోడు. పొద్దుగూకితే వాళ్ళిద్దరూ ఇక్కడే కూచుని పాడుకునేవోళ్ళు. ఇందాక దానమ్మ నోరు తెరవబోయింది, నేను చూశా. నువ్వేమో తాటిచెట్టెక్కి కూచున్నావు. అది కిందనించి ఏమందుకుంటదే?"

ఎస్తేరురాణి ముఖం చిన్నబోయింది. ఇంటికెళ్ళి నన్ను ముందేసుకుని అదే పాటను దించి పాడింది. ఇంకా దించింది. అక్కడ ఆమె గొంతు బొంగురుపోతుంది, అందం చెడుతుంది. ఆ సంగతి ఆమెకూ వినిపించింది. అయినా అక్కడే ఆగింది.

ఆదివారం అదే శ్రుతిలో పాడితే రాహేలు నవ్వింది.

"ఏమే ఎస్తేరూ, జలుబు చేసిందా?"

"లేదొదినా. మీరు కూడా పాడతారని."

"మేం పాడితే ఇనేదెవరే, దేవుడా?"

"దేవుడెట్టాగూ ఇంటాడు. దానమ్మ ఇనాలి. రోజూ వాళ్ళింటికెళ్ళి పాడితే, మనలాంటి గొంతులు ఇని తనూ కలుపుద్దేమో."

ఆ సాయంత్రం నుంచి ఎస్తేరురాణి, రాహేలు, ఇంకొందరు ఆడవాళ్ళు నన్ను తీసుకుని దానమ్మ ఇంటికి వెళ్ళి కూర్చుని పాడేవారు. ఒకరి తాళం ముందుకు, ఒకరి రాగం పక్కకు. నాటకాలు చూసే జనమైతే దిగిపొమ్మని అరిచేవారే. ఒక రోజు ఎస్తేరురాణి మొదటి పాదం పాడి, తర్వాత పెదవి కదపలేదు. నా మెట్ల మీద వేళ్ళుంచి తిత్తి మాత్రం ఊదుతోంది. గోడ వైపు నుంచి రెండో పాదం వచ్చింది. ఎండిన గొంతు, నడుమ తెగిపోయింది. సంతోషమ్మ అందుకుని పూర్తి చేసింది. అప్పుడు దానమ్మ భోరున ఏడ్చి, చంటిదాన్ని గుండెకు అదుముకుంది.

పెద్ద పెద్ద గొంతులకు నేను వంత పలికాను. తన గొంతు దాచుకుని ఇంకొకరి గొంతుకు చోటిచ్చిన మనిషిని అక్కడే చూశాను. ఆ వేళ్ళ కింద పలికినందుకు నాకు గర్వం.

ఇప్పుడు చర్చికి కీబోర్డు వచ్చింది. నేను బీరువాలో ఉంటాను. ఊళ్ళో ఎవరింట్లోనైనా చావు జరిగితే మాత్రం దానమ్మ వచ్చి నన్ను బయటికి తీయిస్తుంది. పాట ఎత్తేది ఆమే, వాయించేది ఎస్తేరురాణి.

నిన్న, తల్లిని పోగొట్టుకున్న విమల ఇంటికి వెళ్ళాం. దానమ్మ ఒక పాదం పాడి ఆగింది. విమల తలెత్తలేదు. ఎస్తేరురాణి అందుకోబోతే దానమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. చాలాసేపు నా ఊపిరి చప్పుడొక్కటే వినిపించింది.

తిరిగి వస్తుంటే దానమ్మ అన్నది:

"రేపు ఇంకాస్త దించుదాం వదినా."