మంచుకొండల్లో రేకు కుంపటి

నేను ఒక రేకు కుంపటిని. పుట్టుకతో కుంపటిని కాను. పదిహేను కిలోల ఆవనూనె డబ్బాగా పుట్టి, హిమాలయాల్లో ఒక నది పక్కన కాలువ కడుతున్న కూలీల వంటపాకకు చేరాను. నూనె అయిపోయాక నా పైరేకు కోసేసి, ఒంటినిండా మేకుతో చిల్లులు పొడిచి, మోయడానికి ఇనుప తీగ కట్టినవాడు కుర్మయ్య. పాలమూరు నుంచి గుంపుతో పాటు వచ్చిన రాతిపనివాడు. మొదటిసారి నాలో నిప్పు పడ్డప్పుడు నా మీద అచ్చేసిన ఆవపూల బొమ్మ పొక్కులు పొక్కులుగా లేచి రాలిపోయింది. ఆ పూటనుంచి నేను కుంపటినే.

నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎవరూ నావైపు చూసేవారు కాదు. చేతులు నాకు అప్పగించి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. అందుకే నాకు మనుషులు చేతులుగానే తెలుసు. మట్టి మోసే చేతులు అరచేతి దగ్గర పగిలేవి. సిమెంటు కలిపే చేతులు వేళ్ల సందున ఒరుసుకుపోయేవి. కుర్మయ్య చేతులు రెండూ రెండు తీర్లు. ఉలి పట్టే ఎడమ చెయ్యి నిండా పాత దెబ్బల గుర్తులు, సుత్తె పట్టే కుడి చేతిలో రూపాయంత కాయ.

ఆ చలి వాళ్లు ఎరిగిన చలి కాదు. పొద్దున రాళ్లమీద మంచు పొరలా పేరుకునేది. కొందరు గోనెపట్టా ముక్కలు చేతులకు చుట్టుకున్నారు. అవి తడిసి ఇంకా వణికించాయి. రాయి చెక్కేవాడికి ఆ గుడ్డ కూడా కుదరదు. వేళ్లకు ఉలి తగలాలి. కుర్మయ్య ఉత్త చేతులతోనే పని చేసేవాడు. గంటకోసారి నా దగ్గరికి వచ్చి, చేతులు కాచుకుని, మళ్లీ వెళ్లేవాడు.

ఆయన భార్య ఈదమ్మ, చెక్కిన రాళ్లను నదిలో కడిగి కాలువ గోడ దగ్గరికి మోసేది. ఒకరోజు ఉదయం ఆమె నీళ్లలోంచి చేతులు తీసి, కొంగులో దాచుకుని, ఉన్నచోటే కూలబడింది. కుర్మయ్య అది చూశాడు. పని ఆపి నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్దామని తీగ పట్టుకుని లేపాడు. తీగ పుటుక్కున తెగింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎడమ చేత్తో అంచుకు కర్ర ఆనించి, కుడిచేతి వేళ్లు నా అడుగుకు పెట్టి ఎత్తుకున్నాడు. ఎర్రగా కాలి ఉన్న అడుగు అది. పొద్దుటినుంచి మంచురాళ్లు పట్టి మొద్దుబారిన ఆ వేళ్లకు ఏమీ తెలియలేదు. పది అడుగులు నడిచాడు. నవ్వుతూ నడిచాడు.

"ఏందది, కమురు వాసన?" అంది ఈదమ్మ.

కుర్మయ్య నన్ను దించి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. అప్పటికీ నొప్పి లేదు. ఈదమ్మ అరుపు విన్న తర్వాతే ఆయనకు భయం వేసింది.

వెచ్చదనం ఇవ్వడం తప్ప నాకు వేరే పని లేదు. ఆ పనే చేశాను. ఆరిపోవడం నా చేతిలో ఉండి ఉంటే ఆ పది అడుగుల్లో ఆరిపోయేదాన్ని.

కింద పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పద్నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు లేవు. గుంపు మేస్త్రి హన్మంతు మంచివాడే. అయినా మాట చెప్పక తప్పలేదు.

"ఊరికి పో కుర్మయ్యా. ఈ చెయ్యితోటి సుత్తె ఎట్ల వడ్తవు? నీ రాళ్లకు ఇంకొగన్ని పిలిపియ్యాలె."

ఈదమ్మ కుర్మయ్య పక్కనుంచి లేచింది.

"ఎవ్వర్ని పిలువకు మేస్త్రీ. నేను గొడ్త."

"ఆడిది సుత్తె వట్టుడు ఏడన్న ఉన్నదా?"

"సలి నన్ను ఆడిదాన్నని ఇడిశిపెడ్తున్నదా? నీళ్లల్ల చేతులు వెట్టినప్పుడు ఎవ్వరు అడ్గకపోతిరి."

మేస్త్రి చాలాసేపు నా మీద చేతులు కాచుకున్నాడు. చివరికి, "ఎనిమిది దినాలు సూస్త," అని లేచిపోయాడు.

మొదటి రోజు సుత్తె ఆమె బొటనవేలి మీద పడింది. రెండోరోజు మూడు రాళ్లు చెక్కబోయి మూడూ పగలగొట్టింది. గుంపులో నవ్వినవాళ్లు ఉన్నారు. కుర్మయ్య మాత్రం నవ్వలేదు. ఆమె ఎదురుగా కూర్చుని రాయి మీద బొగ్గుతో గీత గీసేవాడు.

"గట్టిగ కొట్టకే. రాయి యాడ తెరుసుకుంటదో అది సెప్తది. సప్పుడు ఇను."

"నాకేం ఇనవడ్తలేదయ్యా."

"ఇనవడ్తది. మల్ల కొట్టు."

అయిదో రోజు మధ్యాహ్నం ఒక రాయి గీత వెంబడే తెరుచుకుంది. ఈదమ్మ సుత్తె కింద పెట్టేసి ఆ చదునైన ముఖాన్ని అరచేత్తో తడిమింది. కుర్మయ్య చప్పున ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం గుంపులో ఎవరూ చూడలేదు. నేను చూశాను.

మేస్త్రి ఎనిమిది రోజుల లెక్క మరిచిపోయినట్టు నటించాడు.

ఆ తర్వాత నా దగ్గర కాపలా కుర్మయ్యదే అయ్యింది. చలికి కొయ్యబారిన చేతులతో ఎవరొచ్చినా ఆపేవాడు. ఆ చేతులు తన చెంపకు ఆనించుకుని చూసేవాడు. మంచుగడ్డల్లా ఉంటే ముందు చంకల్లో పెట్టుకొమ్మనేవాడు. స్పర్శ తిరిగొచ్చి సూదులు గుచ్చినట్టు అయ్యాకే నిప్పు దగ్గరికి రానిచ్చేవాడు. పెద్దవాళ్లు సైతం ఆయన ముందు బడిపిల్లల్లా చేతులు చాపి నిలబడేవారు. ఆ చలికాలంలో మళ్లీ ఒక్క చెయ్యీ కాలలేదు.

రెండో చలికాలం సగంలో నా అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. వంటపాక వెనక పాతఇనుము కుప్పలో పడ్డాను. నా పని ఇంకో డబ్బా చేసింది. నాకు బాధ అనిపించలేదు. మంచు కురిసింది, కరిగింది. కాలువ పూర్తయింది. గుంపు మూటలు కట్టుకుంటున్న రోజున పాతఇనుము కొనేవాడి లారీ వచ్చింది.

నన్ను ఎక్కించుకుని లారీ కాలువ గట్టు మీదుగా మెల్లగా కదిలింది. అప్పుడే మొదటిసారి నీళ్లు వదిలారు. గోడ వెంబడి నీళ్లు నురగలు కక్కుతూ పోతున్నాయి. ఆ గోడలో మొదటి రాళ్లు కుర్మయ్యవి, తర్వాతవి ఈదమ్మవి. ఎక్కడ ఆయన చెయ్యి ఆగిందో, ఎక్కడ ఆమె చెయ్యి మొదలైందో కనిపెడదామని ఆ గోడ పొడవునా చూశాను. మలుపు వచ్చేదాకా చూశాను. నాకు దొరకలేదు.