నాలుగో గొంతు

బయటి చప్పుడు రాకుండా గోడకు కొట్టిన బొంత దులిపి, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకుని, బసవపున్నయ్య నిన్న చేసిన ట్రాక్‌ను మళ్లీ మొదటినుంచి వింటున్నాడు. భద్రాచలంలో టైర్ల షాపు మీదున్న ఆ గదిలో భక్తిపాటల సీడీలు తయారవుతాయి. పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి, స్టేజీ మీద ఎవరైనా పాడుకునేలా ట్రాక్ చేసివ్వడం అతని పని. వెనక వచ్చే కోరస్‌ను మాత్రం ఉంచేసేవాడు. ఎందుకంటే అది అతనిదే.

అయిదేళ్ల కిందట చర్ల నుంచి రావలసిన కోరస్‌వాళ్లు, బంద్ వల్ల బస్సు లేక ఆగిపోయారు. ఓనరు రవీందర్ తల పట్టుకుంటే, బసవపున్నయ్య తనే నాలుగుసార్లు పాడి కలిపాడు. ఒకసారి మైకుకు దగ్గరగా, ఒకసారి గోడవైపు తిరిగి, ఒకసారి బుగ్గన వక్క పెట్టుకుని, చివరికి తన మామూలు గొంతుతో. ఆ తర్వాత రవీందర్ ఇంకెవరినీ పిలవలేదు. గుంపులో గోవిందా అంటారు. ఇక్కడ గుంపూ తనే, గోవిందా తనే. సీడీ అట్ట మీద పేరు ఎలాగూ ఉండదు. పెళ్లి మాటెత్తే పెద్దలు పోయాక, ఇంట్లో పేరుపెట్టి పిలిచేవాళ్లూ లేరు. ఊళ్లో ఎక్కడైనా మైకు మోగితే టీకొట్టు దగ్గర ఆగి, తనను తాను విని, గ్లాసు దించి వెళ్లిపోయేవాడు.

మధ్యాహ్నం దమ్మపేట నుంచి సువర్ణ వచ్చింది. శ్రీరామనవమి పందిట్లో పాడాలట.

"కోరస్ మా ఆడబిడ్డలే పాడుతరు పెద్దయ్యా. ఆ మొగగొంతులు తీసెయ్యి."

"అన్నీనా బిడ్డా?"

"అవ్, అన్నీ. మా గొంతులు ఇనపడాలె గద!"

అడిగినదాంట్లో తప్పేముంది? అయినా అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కంప్యూటర్‌లో నాలుగు గొంతులూ విడివిడిగా ఉన్నాయి. దగ్గరది తీశాడు. గోడవైపుది తీశాడు. వక్కది తీస్తూ నవ్వుకున్నాడు. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది. పనిలో ఎన్నడూ ఎవరినీ మోసం చేయని మనిషి, దాన్ని బాగా తగ్గించి, తబలా కింద దాచి, సీడీ కొట్టి ఇచ్చేశాడు.

"మంచిగ పాడుండ్రి" అన్నాడు.

మర్నాడు అతని కిరాయి గది తలుపు తెరుచుకోలేదు. నిద్రలోనే పోయాడు. పాడె మోయడానికి రవీందర్ టైర్ల షాపువాళ్లను బతిమాలుకున్నాడు.

నవమి నాడు దమ్మపేట పందిట్లో ఆడబిడ్డలు కోరస్ అందుకున్నారు. చరణం చివర అందరూ ఊపిరి తీసుకున్న చోట, సన్నగా ఒక మగగొంతు పల్లవిని పట్టుకుని నిలబడింది.

"గదెవరే వదినా?" అంది చిన్నాడబిడ్డ.

సువర్ణ చెవి ఒగ్గి విన్నది. తీసెయ్యమన్న గొంతే.

"ఉండనీయ్. మనం ఆగినకాడ పట్టుకుంటుండు గద" అంది.

పాట అయిపోయాక ప్లేయర్‌లోంచి సీడీ బయటికొచ్చింది. దాని మీద నల్ల స్కెచ్‌పెన్‌తో, బసవపున్నయ్య గుండ్రటి చేతిరాతలో, రెండే మాటలు: కోరస్ లేదు.