కుడి గాడిలో మోత

ఎండాకాలం ఆగిరిపల్లి మామిడి తోటల్లో పుట్టిన చప్పుడు, వాన పడేదాకా పుట్టినచోటే ఉంటుంది. కాయ కోతకొచ్చే ఆడవాళ్లు పోయిన వారం తగువు జరిగినచోట కాస్త పక్కకి తప్పుకుని నడుస్తారు. ఎవరిదో నిన్నటి తుమ్ముకి ఇవాళ "నూరేళ్లు" అనేసి పోతారు.

ఆ మధ్యాహ్నం వినీల మజ్జిగ క్యాను పట్టుకుని గుట్ట మీది తోటకి నడిచి వెళ్తోంది. జీపు ఆమె మొగుడు మార్టిన్ పొద్దున్నే తీసుకెళ్లాడు. నిన్ననే దాని ముందు చక్రానికి కొత్త బేరింగ్ వేయించారు.

ఆ బేరింగ్ మీద షెడ్డులో పెద్ద వాదనే నడిచింది. నాలుగు చక్రాలకీ పవర్ అందే పాత జీపు అది. స్పీడు పెరిగేకొద్దీ ముందు నుంచి గర్రుమని మోత. ముందు చక్రాలకి పవర్ తీసేసి నడిపి చూసినా తగ్గలేదు.

"అయితే బేరింగే. ఏ వైపన్నదే తేలాలి," అన్నాడు మెకానిక్ యలమంద.

"కుడి," అన్నాడు మార్టిన్.

"ఎడమ! పక్క సీట్లో నా కాళ్ల కిందే మోగింది. నీకేం తెలుసు?" అంది వినీల.

"స్టీరింగు నా చేతుల్లో ఉంది కదే."

"చేతులతో వింటావా నువ్వు?"

యలమంద పగలబడి నవ్వాడు. "వినీలమ్మతో మనం గెలవలేం గానీ మార్టినూ, ఎడమదే విప్పుదాం."

విప్పితే గ్రీజు ఎండిపోయి ఉంది. అంతే, కుడి చక్రాన్ని జాకీ మీద ఎత్తి ఊపి చూడాలని ఎవరికీ తోచలేదు. వినీల గెలిచింది. గెలుపు మనిషిని ఎంత చెవిటిదాన్ని చేస్తుందో అప్పుడామెకి తెలీదు.

గుట్ట ఎక్కే దారిలో రెండు చక్రాల గాడులు. పొద్దున జీపు చేసిన చప్పుడు ఇంకా వాటిలోనే ఉంది. వినీల ఎడమ గాడిలో నడిచింది. కంకర నలిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. చూశావా, అనుకుంది. క్యాను చెయ్యి మార్చుకుంటూ కుడి గాడిలో అడుగేసింది.

కాళ్ల కింద తిరగలి తిరిగినట్టు గర్రుమంది.

వెనక్కి దూకింది. మళ్లీ అడుగేసింది. మలుపు దగ్గర, బండి బరువంతా కుడి చక్రం మీద పడేచోట, ఆ గర్రు కాస్తా కటకటగా మారింది. ఇనుముని ఇనుము కొరుకుతోంది. పైన సీటంత ఎత్తులో మార్టిన్ గొణుగుడు: "కుడి అంటే విన్నదా... సర్లే, ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం."

ఖాళీ బండికే ఇది. దిగేటప్పుడు కోత మనుషులుంటారు, కాయ ఉంటుంది. కుడి పక్కంతా పాత క్వారీ గొయ్యి.

ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. స్టీరింగు పట్టుకుంటే మార్టిన్ ఫోన్ ఎత్తడు. అంటే బయల్దేరాడు! దిగడానికి ఇదో దారి, కాలవ గట్టు ఇంకో దారి. ఏది పట్టాడు? ఇక్కడ కాపు కాస్తే అటు పోతాడు, అటు పోతే ఇటు వస్తాడు.

మలుపు నడిమధ్య నిలబడి గొంతు చిరిగేలా అరిచింది.

"మార్టిన్, ఆపు! కుడి చక్రం! నువ్వన్నదే కరెక్టు!"

కేకని అక్కడ వదిలేసి, చెట్లలోంచి అడ్డంపడి కాలవ గట్టు వైపు పరుగెత్తింది.

గట్టు మీద ఎవరూ లేరు. చెవులు రిక్కించి నిలబడింది. గుట్ట అవతల ఏదో కీచుమంది. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ లేదు.

మామిడి కొమ్మలు తప్పించుకుంటూ మలుపు పై భాగానికి వచ్చింది. ముందు ఆడవాళ్ల నవ్వులు తగిలాయి. దాటింది. గర్రు. కటకట. ఆ తర్వాత తన కేక. దాన్ని ఆనుకునే బ్రేకు కీచు. ఇంకో అడుగేయాలంటే భయం, అక్కడ ఏ చప్పుడు ఉందోనని. కళ్లు మూసుకుని వేసింది.

"దిగండి, దిగండి, మెల్లగా," అంటోంది మార్టిన్ గొంతు.

కళ్లు తెరిచింది. క్వారీ అంచున జీపు ఆగి ఉంది. కుడి చక్రం విరిగిన మెడలా బయటికి వాలిపోయింది. ఆడవాళ్లు చెట్టు కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మార్టిన్ రాయి మీద కూలబడి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఆపు అన్నందుకు ఆపలేదే," అన్నాడు తలెత్తకుండా. "అది రోజూ అంటావు. నువ్వన్నదే కరెక్టు అన్నావు చూడు, అప్పుడు భయమేసింది."