అద్దంలో పడని చెయ్యి

పొద్దున్నే నా మొదటి పని మా ఆయన గడ్డం గీసుకున్న అద్దం తుడవడం. ఎండిపోయిన నురగ, దానికి అంటుకున్న వెంట్రుక ముక్కలు, ఒక మూల ఉమ్మి తుంపర. పెళ్లయి పదకొండేళ్లయినా ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకునే తుడుస్తాను. మధ్యలో కాస్త లోతుగా ఉండే అద్దం అది. దగ్గరికెళ్తే ముఖం గుమ్మడికాయంత కనిపిస్తుంది. రోజూ అందులో తనను తాను అంత చూసుకుని మరీ షాపుకొస్తాడు.

నన్ను చూడ్డానికి మాత్రం వేరే అద్దం. బట్టల దొంగలను పట్టాలని షాపు మూల, పైన బిగించిన ఉబ్బెత్తు అద్దం. కౌంటర్ కుర్చీలోంచి కదలకుండా షాపంతా అందులోనే చూస్తాడు. అందులో నేను బొటనవేలంత. జనం విప్పి పడేసినవన్నీ మడతపెట్టేదీ, ప్యాంట్ల అంచులు కుట్టేదీ, సాయంత్రం నేల తుడిచేదీ ఆ బొటనవేలే. ఎవరైనా అడిగితే, "మా ఆవిడేనండీ, ఇంట్లో ఏం తోచక వస్తుంటుంది" అంటాడు.

షాపులో సగం బావగారిది. మధ్యాహ్నం భోంచేసి వస్తాడు. పిల్లల బట్టల వరసలో దారి ఇరుకు. అయినా పక్కకు ఒదిగితే మనిషి పట్టే చోటే. ఆయన ఒదగడు. తడి అరచెయ్యి నా నడుం మీద ఒక్క క్షణం ఆగి మరీ వెళ్తుంది. ఛీ! రెండుసార్లు స్నానం చేసినా ఆ తడి పోదు.

మొన్న మా ఆయనతో చెప్పాను. కంచంలోంచి తలెత్తలేదు. "నేను అద్దంలో చూస్తూనే ఉన్నాగా. ఏదో అలా వెళ్లిపోతుంటాడు పాపం. నీకు ప్రతిదీ పెద్దగానే కనిపిస్తుంది."

నాకట!

"పెద్దవాడు, చూసీ చూడనట్టు పోవాలమ్మా," అని అత్తగారు.

ఇవాళ ట్రయల్ రూమ్ బయటి నిలువుటద్దం తుడుస్తున్నాను. వంపూ సొంపూ లేని చదును అద్దం. అందులో నేను నా అంతే ఉన్నాను. నా వెనకాలే బావగారు, ఉన్నంత సైజులో, ఉన్నంత దగ్గరలో. చెయ్యి రావడం కూడా కనిపించింది.

తప్పుకోలేదు. ఆ మణికట్టు పట్టుకున్నాను. "ఏంటమ్మా, ఏమైంది?" అంటున్న మనిషిని బేరాలాడుతున్న జనం మధ్య నుంచి కౌంటర్ దాకా లాక్కొచ్చి, ఆ చేతిని మా ఆయన ముక్కు ముందు పెట్టాను.

"ఇదండీ ఆ చెయ్యి. చూసి చెప్పండి, పెద్దదా, చిన్నదా?"

మా ఆయన తలెత్తి, మూలనున్న అద్దంలోకి చూశాడు.

మెడలోని కొలత టేపు తీసి కౌంటర్ మీద పెట్టి బయటికి నడిచాను. గుమ్మం దాటేదాకా ఆ అద్దంలో ఇంకా ఇంకా చిన్నదాన్నవుతూ కనిపించి ఉంటాను. ఈసారి అద్దం తప్పేం లేదు, నిజంగానే దూరం వెళ్తున్నాను.