మడత పెట్టని చొక్కా

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే ఇస్త్రీ అక్క చేసే మొదటి పని, మేకుకు వేలాడే తమ్ముడి చొక్కా కాలరు కింద రెండు వేళ్లు దూర్చి చూడటం. వెచ్చగా తగిలేది. "ఉన్నాడు వెధవ" అనుకుని, దేవుడికో దణ్ణం పెట్టుకుని, అప్పుడు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టేది.

ఆమె ఇస్త్రీ చేసిన బట్ట, దాన్ని తొడుక్కునే మనిషి ప్రాణంతో ఉన్నంతకాలం వెచ్చగానే ఉంటుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. మొగుడు దూరం డ్యూటీకి వెళ్లిన రోజున టాక్సీ డ్రైవరు పెళ్లాం అతని రెండో చొక్కా పక్కలో వేసుకుని నిశ్చింతగా నిద్రపోయేది. ఎండాకాలంలో మాత్రం బీరువా తెరిస్తే ఆవిరి కొడుతోందని అందరూ అక్కనే తిట్టుకునేవాళ్లు. భగవంతుడు వరమిచ్చినా దానికో విసుగు తగిలించే ఇస్తాడు కదండీ.

ఆ కొట్లో "చల్లారింది" అనే మాట ఎవరూ అనరు. ఎవరి బట్టయినా చల్లబడితే "మడత పడింది" అంటారు. అందుకే బతికున్నవాళ్ల బట్టల్ని అక్క హ్యాంగరుకే వేసి ఇచ్చేది. మడతపెట్టి ఇవ్వమని కొత్తవాళ్లు అడిగితే, ఇంటికెళ్లి మీరే పెట్టుకోండి, నా చేత్తో పెట్టను అని మొహం మీదే చెప్పేది.

ఒక్కొక్కరి వెచ్చదనం ఒక్కో తీరు. పక్కనే ఉండే టీకొట్టు బాబాయిది పైపైన తగిలే వేడి, ఆయన కోపంలాగే. తమ్ముడిది కాలరు దగ్గర ఎక్కువ. అదీ ఒక్కలా ఉండదు. నవ్వు ఆపుకుంటున్న మనిషి భుజాల్లాగా లేస్తూ తగ్గుతూ ఉండేది.

తమ్ముడు మేడలకు రంగులు వేసేవాడు. మనిషి పొడుగు, భుజాన ఎప్పుడూ నిచ్చెన. దాంతో వీధి మొత్తం వాణ్ణి నిచ్చెన అనే పిలిచేది. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచింది. ఇస్త్రీబల్ల కిందే నిద్రపోయి, దానికే తల కొట్టుకుని లేచి పెద్దవాడయ్యాడు. కొన్ని నెలలకోసారి వెళ్లి రక్తం ఇచ్చి, వాళ్లు పెట్టిన బిస్కెట్లు అక్కకు తెచ్చేవాడు. "నా రక్తం ఊరంతా షికార్లు కొడుతోందే అక్కా, టిక్కెట్టు కూడా లేకుండా. నేనే ఇక్కడ పడున్నాను" అనేవాడు. ఒకసారి బిస్కెట్టు నములుతూ, "నేను పోతే మాత్రం ఏదీ దాచకు, మొత్తం పంచెయ్" అన్నాడు. అక్క వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

ఒకరోజు పనిలో నిచ్చెన జారింది.

అక్క మేకు మీది చొక్కా చంకలో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. వెనకే బాబాయి. తమ్ముడి నోట్లో గొట్టం, పక్కన యంత్రం, ఛాతీ లేస్తూ దిగుతూ ఉంది. పెద్ద డాక్టరమ్మ వాళ్లను కూర్చోబెట్టి, మెదడు పూర్తిగా ఆగిపోయిందని, ఒకటికి రెండుసార్లు పరీక్షలు చేసి చూశామని, ఊపిరి యంత్రానిదే తప్ప అతనిది కాదని మెల్లగా చెప్పింది.

"చొక్కా వెచ్చగా ఉంది డాక్టరమ్మా" అంది అక్క.

డాక్టరమ్మ తెల్లకోట్లు కూడా ఇస్త్రీకి అక్క దగ్గరికే వస్తాయి. ఆమె నవ్వలేదు, కొట్టిపారేయలేదు. "అందుకే అడుగుతున్నానండీ. ఆ వెచ్చదనం అతనిదేనా? మీరే చూసి చెప్పండి."

అక్క కాలరు కింద వేళ్లు పెట్టింది. తర్వాత చేతుల మీద, తర్వాత అంచు దగ్గర. అంతటా ఒకటే వేడి. లేవడం లేదు, తగ్గడం లేదు. పెట్టె ఆన్ చేసి మనిషి ఎటో వెళ్లిపోతే బల్ల ఎలా కాలుతుందో, అలా. ఆమెకు ఏడుపు రాలేదు. మూడో గుండీ వదులైందని, దారం కొనాలని తోచింది.

"వాడిది కాదు" అంది.

అప్పుడు డాక్టరమ్మ అవయవదానం సంగతి ఎత్తింది. గుండె, కాలేయం, మూత్రపిండాలు, కళ్లు ఎదురుచూస్తున్నవాళ్లకు పనికొస్తాయని, కాదన్నా ఎవరూ తప్పుపట్టరని, ఎవరికి ఏది వెళ్లిందో మాత్రం పేర్లు చెప్పరని అంది. అక్క చూపు చొక్కా మీదే ఉంది. ఎవరిదో వేడైనా సరే, ఇంకా వేడే. సరే అంటే తన మాటతోనే అది చల్లబడుతుంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "పైవాడి దగ్గరికి అన్నీ ఉన్నట్టే పంపాలంటారమ్మా."

"దేవుడేమన్నా మన కొట్టుకొచ్చే గిరాకీనా బాబాయ్, గుండీలు లెక్కచూసి తీసుకోడానికి" అంది అక్క. చొక్కా ఒళ్లోకి లాక్కుని, "వాడే పంచెయ్యమన్నాడు" అంది. తమ్ముణ్ణి ఆపరేషను గదికి తీసుకెళ్లేముందు వాడి మెడ కింద దుప్పటి ముడత చేత్తో సరిచేసింది.

బయట బల్ల మీద కూర్చున్న ఆమె ఒళ్లో చొక్కా నెమ్మదిగా చల్లబడింది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. "మడత పడింది బాబాయ్" అంది.

ఆ తర్వాత ఆమె వేళ్లకు వేడి తెలియడం మానేసింది. చెయ్యి కాలితే వాసన వచ్చాకే చూసుకునేది. బట్టలు వెచ్చగానే ఉన్నాయని అందరూ అంటే తలూపేది. తిన్నదానికి రుచి లేదు, పలకరిస్తే మాట లేదు. దణ్ణం పెట్టుకునేది గానీ ఏం అడగాలో గుర్తొచ్చేది కాదు. కొన్ని నెలలకు, ఇక కొట్టు మూసేస్తానని బాబాయికి చెప్పింది. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లాడు. అది అక్కడే తొరక కట్టింది.

సామాన్లు సర్దుతుంటే కొత్తావిడ ఎవరో గుమ్మంలో నిలబడింది, చేతిలో ఒకే ఒక చొక్కా. మూసేస్తున్నానంది అక్క. "ఈ ఒక్కటి చేసిపెట్టండి. పెద్ద ఆపరేషనయ్యి మా ఆయన మళ్లీ రేపే పనిలోకి వెళ్తున్నాడు" అని బతిమాలింది ఆవిడ.

అక్క కట్టేసిన ఇస్త్రీపెట్టె విప్పి ప్లగ్గు పెట్టింది. చేతులు, వీపు, జేబు, చివర్న కాలరు. అలవాటు కొద్దీ రెండు వేళ్లు కాలరు కింద దూర్చింది.

బట్టంతా ఎవరో నెమ్మదైన మనిషి వెచ్చదనం పరుచుకుని ఉంది. దాని అడుగున, కాలరు దగ్గర, ఇంకొకటి. లేస్తోంది. తగ్గుతోంది. మళ్లీ లేస్తోంది, నవ్వు ఆపుకుంటున్నట్టు.

ఆమె రెండో చెయ్యి పెట్టెకు తగిలి చుర్రుమంది.

"అబ్బా" అంది అక్క.

"కాలిందా అండీ?"

"కాలిందమ్మా" అంది. కళ్ల వెంట నీళ్లు ఆగడం లేదు. ఆ గొంతు విని పక్కకొట్టు నుంచి బాబాయి వచ్చాడు. అక్క చెయ్యి చూశాడు, చొక్కా చూశాడు, కాలరు మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు. మర్నాడు టీకొట్టు ఆలస్యంగా తెరిచాడు. ఆసుపత్రికెళ్లి అవయవదానానికి తన పేరు రాయించి వచ్చానని, తన పైపై వేడి ఎవరికి అంటగడతారో వాళ్ల ఖర్మేనని అన్నాడు. టాక్సీ డ్రైవరూ పెళ్లామూ కూడా ఆ వారంలోనే వెళ్లొచ్చారు.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం, ఇస్త్రీ అయ్యాక కొత్తావిడ చేతిసంచి తెరిచి, "ఇందులో పట్టేలా మడతపెట్టి ఇస్తారా" అని అడిగింది.

"ఇది మడత పెట్టకూడదమ్మా" అంది అక్క. తమ్ముడి మేకు మీది ఖాళీ హ్యాంగరు తీసి చొక్కా తగిలించింది. కాలరు సరిచేసింది. మూడో గుండీ లాగి చూసింది. గట్టిగానే ఉంది.

"వారం వారం తీసుకురా. నేను ఇక్కడే ఉంటాను."